శకలాల కన్నా ముందు మనుషులు

సంపాదకులకు నమస్కారం.

మారుమూల అడవుల్లో, మంచు కొండల్లో మిగిలిపోయిన రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాలను వెలికితీసే ప్రయత్నాలపై మీరు ప్రచురించిన కథనం చదివాను. అడవిలో కూలినదాన్ని వెతకడం ఎంత కష్టమో మా కర్నూలు వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో జాడ లేకుండా పోతే, అంత యంత్రాంగం కదిలినా పావురాలగుట్ట మీద శకలాలు కనబడేసరికి మర్నాడు ఉదయమైంది. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ టీవీ కట్టేయలేదు. మా అమ్మ దేవుడి గూట్లో దీపం కొండెక్కకుండా నూనె పోస్తూనే కూర్చుంది.

మాకు ఒక్క రాత్రే అంత భారమైతే, ఎనభై ఏళ్లుగా ఏ కబురూ అందని కుటుంబాల మాటేమిటి? 1942 నుంచి 1945 వరకు అస్సాం నుంచి చైనాలోని కున్‌మింగ్‌కు హిమాలయాల మీదుగా సరుకులు మోసిన విమానాలు వందల సంఖ్యలో కూలిపోయాయి. వాటిలో కొన్ని అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో ఉన్నాయి. అక్కడ దొరికిన శకలాలతో 2023లో పాసీఘాట్‌లో మ్యూజియం తెరవడం మెచ్చదగిన పని.

తొందరపాటు మాత్రం తగదు. 1942లో గ్రీన్‌లాండ్ మంచుపై దిగిపోయిన పీ-38 యుద్ధవిమానాల్లో ఒకదాన్ని 1992లో 268 అడుగుల లోతు నుంచి, వేడితో మంచు కరిగించి బావిలా దారి చేసుకుని, ఏ భాగానికా భాగం విప్పి పైకి తెచ్చారు. పదేళ్ల ఓపిక తరువాత 2002లో అది మళ్లీ ఎగిరింది. అదే గ్రీన్‌లాండ్‌లో 1947లో దిగిన బీ-29 బాంబర్‌ను ఉన్నచోటనే బాగుచేసి ఎగిరించబోగా, 1995లో ఇంధనం కారి నిప్పంటుకుని కళ్లెదుటే తగలబడింది. అంతకు ముందే ఆ పనిలో ఒక మెకానిక్ ప్రాణం పోయింది.

అరుణాచల్‌లో ఈ శకలాల ఆచూకీ చాలావరకు వేటకు వెళ్లే స్థానికులకే తెలుసు. నల్లమలలోనూ చెంచుల సాయం కోరవలసి వచ్చింది. కాబట్టి ప్రభుత్వం వారిని వెంటబెట్టుకుని, కూలిన ప్రతి చోటునూ నమోదు చేసి, అస్థికల కోసం వెతికిన తరువాతనే లోహాన్ని కదిలించనివ్వాలని నా మనవి. తోక మీది సంఖ్య, ఇంజన్ సంఖ్య దొరికితేనే ఆ విమానంలో ఎవరెవరున్నారో తేలుతుంది. పాత ఇనుము కింద కోసి అమ్మేస్తే ఆ పేర్లు కూడా పోతాయి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు