అర్థం అడిగేముందు ఒకసారి పద్యం విందాం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం తెలుగు అయ్యవారు సెలవు పెడితే ఏడో తరగతి పీరియడ్ నేను తీసుకున్నాను. వేమన పద్యం ఎవరికి వచ్చని అడిగితే ఒక పాప లేచి 'ఉప్పు కప్పురంబు' గడగడా అప్పజెప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా తాత్పర్యం చెప్పేసి కూర్చుంది. ఒక్క తప్పూ లేదు. కానీ ఆ ముఖంలో బరువు దించుకున్న నెమ్మది తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆ ముఖం నాకు బాగా తెలుసు. నేను చదువుకున్న బడిలో ప్రతిపదార్థంలో ఒక మాట తప్పినందుకు బెంచీ ఎక్కించారు. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు పద్యం కనబడితే పేజీ తిప్పేసేవాడిని. నన్ను మళ్లీ దగ్గరికి తెచ్చింది మా జేజి. అక్షరం ముక్క రాని మనిషి, శనక్కాయలు ఒలుస్తూ తనకు తానే పద్యాలు పాడుకునేది. ఎవరి కోసమూ కాదు.

అందుకే ఆ రోజు అర్థం జోలికి పోకుండా పిల్లలను బల్ల మీద తట్టమన్నాను. ఉప్పు, కప్పు, రంబు: మూడు చిన్న దెబ్బలు. నొక్కపో, లికనుండు: రెండు పెద్ద అంగలు. రెండో పాదం 'చూడ చూడ రుచుల జాడ వేరు' మొత్తం చిన్న అడుగులే, అయిదు. నాలుగోసారికి గది అంతా ఒకే దరువు. "చెక్కభజన మాదిరి ఉంది సార్" అన్నాడు వెనక బెంచీ పిల్లోడు. అప్పుడు చెప్పాను, దీని పేరు ఆటవెలది అని, ఆ చిన్నవి సూర్యగణాలు, పెద్దవి ఇంద్రగణాలు అని. పేరు కంటే ముందు నడక తెలిసింది కాబట్టి ఎవరూ బెదరలేదు. చివర్లో అదే పాప అడిగింది: "కప్పురం అంటే కర్పూరమే కదా సార్? రెండూ తెల్లగానే ఉంటాయని అలా అన్నాడా?" నేను అడగకుండానే అర్థం తన కాళ్ల మీద తాను వచ్చింది.

మన బద్వేలు పక్క గోపవరం ఆడపడుచుగా మనం చెప్పుకునే మొల్ల, తేనె తగలగానే నోరు తియ్యనైనట్టు కవిత్వం వినగానే అర్థం తోచాలని అంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర, తాను పుట్టి పెరగని భాషలోని వేమన పద్యాలను పోగుచేయించి 1829లో అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆదివారం పిల్లలను ఒకసారి తీసుకుపోండి.

పరీక్షలో తాత్పర్యం అడుగుతారు కదా అని మీకు దిగులు ఉంటుంది. నేర్పుతాం, మానం. అయితే ఇకమీదట మా బడిలో కొత్త పద్యం మొదటి రోజు వినడమే, రెండో రోజు గొంతు కలపడం. ప్రశ్నలు మూడో రోజు నుంచి. ఇంట్లో మీరూ అంతే చేయండి. రాత్రి అన్నాలయ్యాక ఒక్క పద్యం, మీ గొంతుతో. రాగం రాకపోతే ఊరికే చదవండి. తప్పు పలికినా మధ్యలో ఆపి దిద్దొద్దు. అర్థం అసలు అడగొద్దు.

మీ ఇంట్లో జేజి, తాత ఎవరికైనా పద్యాలు వస్తే వచ్చే శనివారం మొదటి పీరియడ్‌కు బడికి పంపండి. వేపచెట్టు కింద చాప పరిచి పెడతాం. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ వేస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు, కడప