గింజతో పాటు గడ్డినీ తూచండి

సంపాదకులకు నమస్కారం.

పలమనేరు దగ్గర మూడెకరాల మెట్ట, నాలుగు పాడి ఆవులు మా ఇంటికి ఆధారం. ఈ వేసవిలోనూ వరిగడ్డి లారీ కోసం రోడ్డు మీద నిలబడవలసి వచ్చింది.

మా అత్తగారు వేసిన రాగి నా నడుము దాటి పెరిగేది. కోతకు నాలుగు నెలలకు పైగా పట్టేది. గింజ ఇంటికి, గడ్డి కొట్టానికి. వామి వేస్తే వేసవి దాటేది. మూసిన పిడికిలిలాంటి వెన్నులు ఏరి, ఆ గింజలకు బూడిద కలిపి, వేపాకు పరిచి కుండలో పోసి, మూతకు పేడ మెత్తేవారు. ఆమె పోయాక వరుసగా రెండేళ్లు వానలు లేవు. ఆ విత్తనాన్ని సంగటి చేసి పిల్లలకు పెట్టింది నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తర్వాత దొరికిన రాగి త్వరగా పండింది, గింజా బాగానే ఇచ్చింది. గడ్డి మాత్రం మోకాలి ఎత్తే.

పశువుల మేతకు హైబ్రిడ్ నేపియర్ గడ్డి వేసుకోమన్నారు, వేశాను. బోరు పోసినన్నాళ్లు ఆవులు కడుపునిండా మేశాయి. అది సజ్జకు, నేపియర్ గడ్డికి పుట్టిన సంకరం. మొలిచే గింజ ఇవ్వదు, కణుపుల ముక్కలే నాటాలి. బోరు ఎండినప్పుడు గడ్డీ పోయింది, ముక్కలూ పోయాయి. వాటిని కుండలో దాచలేం కదా!

వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి చెప్పాకే హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధి గురించి నాకు తెలిసింది. అక్కడ జొన్న, సజ్జ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర వంటి పంటల నమూనాలు 1.2 లక్షలకు పైగా ఉన్నాయట. బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారట. మొలక తగ్గితే పొలంలో వేసి కొత్త గింజ తీస్తారట. మా అత్తగారు కుండతో చేసిన పని అదే. ఆ పని చేస్తున్నవారికి చేతులెత్తి మొక్కుతాను.

శాస్త్రవేత్తలారా, వాటిలో చిత్తూరు జిల్లా పల్లెల నుంచి సేకరించిన రాగి ఎంత ఉందో చూసి మాకు చెప్పండి. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానంలో రాగి మీద పని జరుగుతూనే ఉంది. అక్కడ అర ఎకరంలో ఆ పాత రకాలు వేసి, కోతకు ముందు పాడి రైతులను పిలవండి. గింజతో పాటు గడ్డినీ తూచి చూపించండి. ఏది కావాలో మేము ఎంచుకుంటాం. పండిన విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం మాకు ఇచ్చింది. దాచడానికి మా చేతికి ఆ విత్తనం రావాలి.

పిడికెడు గింజలు చాలు. నారుమడికి పది సెంట్లు దున్ని ఉంచాను.

– ఒక పాడి రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా