పాప కోసం కొడుకు పెన్ను వాడేసిన అక్కకి

పోయిన ఆదివారం పుట్టినరోజు ఫంక్షన్‌లో, జీడిపప్పు అలర్జీ ప్రాణం మీదకొచ్చిన మా పాప పక్కన నేల మీద కూర్చుండిపోయిన అక్కకి ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. ఆంబులెన్సు ఎక్కేటప్పుడు మీ చెయ్యి పట్టుకుని ఏదో గొణిగాను, అదేంటో నాకే గుర్తులేదు, అందుకే ఇప్పుడు సరిగ్గా చెప్తున్నాను.

పాపకి ఐదేళ్లు, 18 కిలోలు ఉంటుంది. జీడిపప్పు పొడి వేసిన కేకు ముక్క తిన్న కాసేపటికే వచ్చి "నాన్నా, నాలుక మీద వెంట్రుక ఉంది, తియ్యి" అంది. నోరు తెరిపించి నిజంగానే వెతికాను! ఏమీ లేదు. నాలుక దురద పెడితే చిన్నపిల్లలు అలాగే చెప్తారని మర్నాడు డాక్టర్ చెప్పేదాకా తెలీదు. తర్వాత మెడ మీద దద్దుర్లు వచ్చాయి, పై పెదవి ఉబ్బింది. బ్యాగులో ఉన్న సెట్రిజిన్ సిరప్ తాగించాను. కాసేపటికి దద్దుర్లు కొంచెం తగ్గాయి, హమ్మయ్య అనుకున్నాను.

నేను చేసిన తప్పు అక్కడే. నేను చర్మాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈలోపు పాప పొడిగా దగ్గుతోంది, ఆపకుండా. ఒకసారి వాంతి చేసుకుంది, ఎక్కువ తినేసిందిలే అన్నాం. గొంతు బొంగురుపోయింది, అరిచి అరిచి అలా అయ్యిందనుకున్నాం. ఆట మానేసి నా భుజం మీద వాలిపోతే నిద్రొస్తోందేమో అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు, నేనూ తలూపాను.

అప్పుడు మీరొచ్చారు. "తమ్ముడూ, దద్దుర్లు కాదు, ఆ దగ్గు విను" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఒళ్లు చల్లబడిపోయింది.

పాపని ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తబోతుంటే ఆపేశారు. పాప పాలిపోయి మత్తుగా ఉందని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, మళ్లీ వాంతి వస్తే పక్కకి తిప్పమన్నారు. ఆయాసం మరీ ఎక్కువైతే కాళ్లు చాపి కూర్చోబెట్టొచ్చు గానీ, నిలబెట్టడం, నడిపించడం మాత్రం చెయ్యొద్దన్నారు. బీపీ పడిపోతున్నప్పుడు ఒక్కసారిగా నిలువుగా లేపితే గుండెకి చేరే రక్తం తగ్గిపోతుందట. భుజానేసుకుని పరిగెత్తడం ప్రేమ అనుకుంటాం కదా, అదే ప్రాణం మీదకి తెచ్చేదేమో.

ఆంబులెన్సుకి ఫోన్ చేయించి, లైనులో ఉన్నవాళ్లని స్పీకర్‌లో పెట్టి, "మా బాబు అడ్రినలిన్ పెన్ను ఉంది, 0.15 మిల్లీగ్రాములది, వెయ్యనా?" అని అడిగారు. ఇలాంటి తీవ్రమైన అలర్జీ వస్తే తొడలో గుచ్చే ఇంజెక్షన్ పెన్ను అది. వెంటనే వెయ్యమన్నారు. పాప కాలు గట్టిగా పట్టుకోమని నాకు చెప్పి, లెగ్గింగ్ మీద నుంచే తొడ బయటి వైపు, మధ్యలో గుచ్చేశారు. మీ చెయ్యి వణకలేదు. మీ బాబు పక్కనే నిలబడి చూస్తున్నాడు, వాడి పెన్ను అది.

కొన్ని నిమిషాల్లో దగ్గు నెమ్మదించి పాప "అమ్మ ఏది?" అంది, దాదాపు తన గొంతుతోనే. తర్వాత ఒళ్లంతా వణికింది, గుండె దడదడలాడింది, నాకు మళ్లీ టెన్షన్. అది మందు ప్రభావమే, కాసేపట్లో పోతుందన్నారు, అలాగే పోయింది. ఆంబులెన్సు వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు ఇంకా ఉన్నాయి. మొదటి డోసు వేసి పది నిమిషాలైందని మీరు టైముతో సహా చెప్పబట్టి, వాళ్లు ఆలోచించకుండా రెండోది వేశారు. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే మళ్లీ వెయ్యొచ్చట.

ఆసుపత్రిలో డాక్టర్ చెప్పినదాన్ని బట్టి, సెట్రిజిన్ దురదకీ దద్దుర్లకీ పనికొస్తుంది గానీ గొంతులో వాపుని తీయలేదు, పడిపోయే బీపీని ఆపలేదు. దద్దుర్లు తగ్గాయని నేను సంబరపడుతుంటే లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతోందన్నమాట. అసలు కొందరు పిల్లల్లో చర్మం మీద ఏమీ కనబడకుండానే ఇలా అవుతుందట. చర్మంతో పాటు ఊపిరిలోనో కడుపులోనో కూడా తేడా వస్తే ఇక సిరప్ కోసం చూడకూడదు. పాప లేచి కబుర్లు చెప్తుంటే, ఇంకా రాత్రంతా ఉంచడమెందుకని నేను సణిగాను. తగ్గాక కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టొచ్చని నైట్ డ్యూటీ సిస్టర్ ఓపిగ్గా చెప్పారు. ఆవిడకీ, ఆంబులెన్సులో పాపతో బొమ్మల కబుర్లు చెప్పినతనికీ కూడా దండాలు.

ఇప్పుడు మా దగ్గర రెండు పెన్నులున్నాయి, ఎక్కడికెళ్లినా రెండూ వస్తాయి. స్కూల్లో టీచర్‌కి సూది లేని ప్రాక్టీసు పెన్నుతో చూపించాం. ఆవిడ మొదటిసారి పెన్ను చివర మీద బొటనవేలు పెట్టేశారు, నేనూ మొదట అదే చేశాను, తిరగేసి పట్టుకుంటే సూది మన వేలికే దిగుతుంది!

అక్కా, మీ బాబు పెన్ను బాకీ ఉంది. డాక్టర్ చీటీ ఉంటే గానీ ఇవ్వరట, మీ దగ్గరున్నది ఫోటో తీసి పంపండి, ఈ వారంలోనే తెచ్చి చేతికిస్తాను. పాప కూడా వస్తానంటోంది, మీ బాబుకి ఏదో బొమ్మ గీసి పెట్టింది, పెన్ను మాత్రం ఏనుగంత ఉంది అందులో.