ఫెన్సు రేటు అడుగు 38 నుంచి 42 డాలర్లకు ఎందుకు పెంచానంటే

నమస్తే అండీ. టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్, సెలీనా వైపు నా చేత చెక్క ఫెన్సు వేయించుకున్నవాళ్ళకీ, కొటేషన్ తీసుకుని ఇంకా ఆలోచిస్తున్నవాళ్ళకీ ఓ మాట. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆరడుగుల ఎత్తు సెడార్ ఫెన్సుకి అడుగు 38 కాదు, 42 డాలర్లు. ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు లెక్కంతా ఇక్కడే పెడుతున్నాను.

ఈ మధ్య ఎవరు రేటు పెంచినా టారిఫ్‌ల మీదికి నెట్టేస్తున్నారు. అందులో నిజం లేకపోలేదు. మనం వాడే వెస్టర్న్ రెడ్ సెడార్‌లో చాలా భాగం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వస్తుంది. కెనడా కలప మీద అమెరికా సుంకాలు 2025 ఆగస్టులో చాలా కంపెనీలకు 35 శాతానికి చేరాయి, అక్టోబర్‌లో ఇంకో 10 శాతం కలిసింది. ఉక్కు మీద సుంకం అదే ఏడాది జూన్‌లో 25 నుంచి 50 శాతమైంది, అంటే ఫెన్సుని నిలబెట్టే ఇనుప పోస్టులకీ (స్తంభాలకీ) దెబ్బే. కానీ నేను పెంచిన నాలుగు డాలర్లలో కలప, ఇనుము వాటా రెండు డాలర్లకు మించదు. మిగతా రెండూ, రెండేళ్ళుగా నేను లెక్క తక్కువ వేసుకున్నందుకు.

మూడు వైపులా కలిపి 160 అడుగులున్న ఇల్లు అనుకోండి. నిలువు పలకలు, ఇక్కడ పికెట్ అంటారు, ఒక్కోటి అయిదున్నర అంగుళాల వెడల్పు. పక్కపక్కన పేరిస్తే 350, వంకరవీ పగిలినవీ తీసేస్తానని 365 కొంటాను. నాలుగు డాలర్ల చొప్పున 1,460. ఎనిమిదడుగులకో పోస్టు, మూలలతో కలిపి 22 ఇనుప పోస్టులు 528. అడ్డకర్రలు 60, వాటికి 420. ఒక్కో గుంతకి 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు రెండు, మొత్తం 44 బస్తాలు 264. మేకులు, బ్రాకెట్లు, గేటు సామాను 330. సామానుకే మూడు వేలు దాటింది. పాత ఫెన్సు పీకి డంపులో పారేయడానికి 400. ముగ్గురు మనుషులు రెండున్నర రోజులు, 1,900. ఇన్సూరెన్స్, ట్రక్కు, పెట్రోలు, తర్వాత గేటు సర్దమని మీరు పిలిస్తే వచ్చే ఖర్చు కలిపి 800. కొత్త రేటులో మీరిచ్చేది 6,720, నాకు మిగిలేది 600 పైచిలుకు. పాత రేటుకి ఇదే పని చేస్తే ఇరవై డాలర్లు నా జేబులోంచే పోతాయి.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న సంగతి. మొదలుపెట్టిన కొత్తలో రేటు తగ్గించి చూపించాలని చెక్క పోస్టులు వాడాను, గుంత అడుగున్నర లోతుతో సరిపెట్టాను. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియకపోవడం ఏమిటి! 2022 వేసవిలో వానల్లేక నేల బీటలు తీసింది, మరుసటి వసంతంలో గాలివానలకి ఫెన్సులు పక్కింటి వైపు వాలిపోయాయి. మొత్తం తొమ్మిది ఇళ్ళు. ఆరిళ్ళకి నా ఖర్చుతో తిరిగి వేశాను. అప్పటి నుంచి ఇనుప పోస్టు, రెండున్నర అడుగుల గుంత తప్ప వేరే మాట లేదు. ఎవరైనా 34కే వేస్తానంటే ముందు గుంత లోతు, తర్వాత పోస్టు దేనితోనో అడగండి. పలకలు అందరివీ దాదాపు ఒకటే.

పలకల మధ్య సందులు వచ్చాయని ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు ఫొటో పెడతారు. చెక్క ఆరితే కుంచించుకుపోతుంది, పక్కపక్కన పేర్చినప్పుడు ఆ సందు తప్పదు. అస్సలు కనపడకూడదంటే పలక మీద పలక వచ్చేలా వేయాలి. రెండు వైపులా ఒకటిన్నర అంగుళం ఎక్కిస్తే అదే 160 అడుగులకి 480 పలకలవుతాయి, రేటు అడుగుకి 50. ఈ సంగతి కొటేషన్ ఇచ్చిన రోజే చెప్పాల్సింది, కొందరికి చెప్పలేదు. చెక్కకి పట్టించే రంగు, స్టెయిన్ మాత్రం వెంటనే వేయించకండి, నాలుగైదు వారాలు ఆరనివ్వండి.

తవ్వే ముందు, భూమిలో పైపులూ వైర్లూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకి నేనే ఫోన్ చేస్తాను, కనీసం రెండు పనిరోజులు ఆగాలి. గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు గీతలు గీసి వెళ్తారు. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు గుర్తు పెట్టరు. చూపించిన పైపు నేను పగలగొడితే నేను బాగుచేస్తాను, చూపించనిది పగిలితే చెరి సగం. పక్కింటివాళ్ళ వాటా సంగతి మీరే మాట్లాడుకోండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నిబంధనల్లో ఉంటే తప్ప వాళ్ళు సగం ఇచ్చి తీరాలని టెక్సస్‌లో చట్టం లేదు. పోయినసారి మధ్యలో దూరి రెండు వైపులా మాట పడ్డాను. వాస్తు ప్రకారం దక్షిణం, పడమర ఎత్తుగా ఉండాలని అడుగుతున్నారు. నాకేం అభ్యంతరం లేదు, కానీ ముందు హెచ్‌ఓఏ ఆమోదం తెచ్చుకోండి. ఓ ఇంట్లో ఎనిమిదడుగులు వేసి, మళ్ళీ ఆరుకి కోసి వచ్చాం.

"మనవాళ్ళమే కదా అన్నా, ఏదో ఒకటి తగ్గించు" అనే ఫోన్లు ఈ వారం కూడా వస్తాయని తెలుసు. నా కస్టమర్లలో ఎక్కువమంది మనవాళ్ళే, అందరికీ తగ్గిస్తే మిగిలేది ముందే చెప్పాను. తగ్గే దారి ఒకటుంది. పాత ఫెన్సు మీరే పీకి ఓ పక్కన పేర్చి పెడితే 160 అడుగులకి 250 డాలర్లు తగ్గిస్తాను. శని, ఆదివారాలు నడుము నొప్పి మీది.

ఈ నెలాఖరులోపు నేను రాసిచ్చిన కొటేషన్లన్నీ 38 మీదే ఉంటాయి, పని ఎప్పుడు మొదలైనా సరే. ఇక ఆ తొమ్మిదిళ్ళలో మిగిలిన మూడు. ఇద్దరు ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయారు, ఒకరి నంబరు మారింది. ఇప్పుడు ఆ ఇళ్ళలో ఎవరున్నా సరే, చెక్క పోస్టులున్న ఫొటో ఒకటి పంపండి. పోస్టులు మార్చడానికి డబ్బు తీసుకోను.