నకిరేకల్ దారిలో నీళ్లిచ్చిన తల్లికి

నిన్న సాయంత్రం హైదరాబాదు శివారులోని చెరువు కట్ట మీద చివరి నేరేడు చెట్టును గుంతలో దించి మట్టి కప్పాము. నాలుగు రాత్రులుగా సరైన నిద్ర లేదు. అయినా ఈ మాటలు ఈరోజే రాయకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

తోటలనూ ఆరుబయటి స్థలాలనూ రూపొందించే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుగా 18 ఏళ్ల అనుభవమూ, 11 మంది పనిచేసే స్టూడియోను నడిపిస్తున్న బాధ్యతా, సోమవారం రాత్రి ఆగిపోయిన లారీ పక్కన నిలబడినప్పుడు నాకు ఎందుకూ కొరగాలేదు. కడియం నర్సరీల నుంచి 160 మద్ది, నేరేడు, కానుగ, పొగడ చెట్లతో వస్తున్న లారీకి సూర్యాపేట దాటాక, నకిరేకల్ చేరకముందే యాక్సిల్ విరిగింది. నేల నుంచి తవ్వి తీసిన చెట్టుకు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డే ప్రాణం. గోనెపట్టాలో కట్టిన ఆ గడ్డ ఎండి పగిలితే నీరు పీల్చే పీచువేళ్లు తెగిపోతాయి, ఆ తరువాత ఎంత తడిపినా చెట్టు కోలుకోవడం కష్టం. జూన్ నెలాఖరైనా వాన జాడ లేదు, పగటి వడగాలికి పట్టాలు అప్పటికే పొడిబారాయి.

పొలంలో దీపం చూసి వెళ్లి అడిగాను. అరవై దాటిన ఒక పెద్దమ్మ వరి నారుమడికి నీరు పెడుతున్నది. ఆ బోరు గంటసేపు పోస్తే, మళ్లీ ఊరడానికి రెండు గంటలు ఆపాలట. ఆమె మారుమాట లేకుండా పైపును మడి నుంచి లారీ వైపు తిప్పింది. మీ నారు ఎండుతుంది కదా అంటే, "నారు రెండు దినాలాగుతది బిడ్డా, గీ ఏర్లు తెల్లారేదాంక ఆగయి" అన్నది. తెల్లవారేలోగా మూడు విడతలు నీరిచ్చింది. తానే లారీ పైకెక్కి, ఏ గడ్డ లోపలిదాకా తడిసిందో, ఏది పైపైనే తడిసిందో చేత్తో ఒత్తి చూసి చెప్పింది. డబ్బు ముట్టలేదు. నేను ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. మూడు చెట్లు తప్ప మిగిలినవన్నీ పచ్చగా నేలకు చేరాయి.

అసలు ఆ ఎండలో చెట్లను ఎందుకు తరలించవలసి వచ్చిందో కూడా చెప్పాలి. నాటే రోజును వానను బట్టి కాక ప్రారంభోత్సవాన్ని బట్టి నిర్ణయిస్తున్నారు. ఎన్ని చెట్లు నాటామన్నదానికే బిల్లు గాని, తరువాతి మూడు వేసవుల నీటికి టెండరులో పద్దు లేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టంలో మా వృత్తికి వేరే నమోదు లేదు కనుక, మమ్మల్ని సివిల్ కాంట్రాక్టరు కింద తోటపనిగా లెక్కిస్తున్నారు. పోయిన పనికి రావలసిన బిల్లు ఏడు నెలలుగా ఆగి ఉంది.

ఇంట్లో అందరికీ, రాత్రంతా ఫోనులో తోడున్న తమ్ముడికీ కృతజ్ఞతలు.

ఉదయాన్నే వేరే లారీ పంపిన కడియం నర్సరీ యజమాని గారికి, నాతోపాటు గోనెలు తడిపిన మా స్టూడియో ఇంటర్నుకు కూడా. గాలి తగలకుండా తన దుప్పటి తెచ్చి పొగడ చెట్ల వేళ్లకు చుట్టిన లారీ క్లీనరు కుర్రవాడి గురించి పైన చెప్పడం మరచిపోయాను. ఆ దుప్పటి నా దగ్గరే ఉండిపోయింది, ఉతికి పంపుతాను.