జలాంతర్గామికి దారి చూపే చిన్న పడవ

సంపాదకునికి,

మేము సియాటెల్ దగ్గర ఉంటున్నాం. ఈమధ్య హుడ్ కెనాల్ తేలియాడే వంతెన మీద మా కారు చాలాసేపు ఆగిపోయింది. దగ్గర్లోని బాంగర్ నౌకాదళ స్థావరం నుంచి వచ్చే జలాంతర్గామి కోసం వంతెన తెరిచారు. కారు దిగి చూశాను. ముందు తెల్లని చిన్న పడవ, దాని ముక్కు మీద ఏటవాలుగా ఎర్ర పట్టీ. వెనక నల్లని జలాంతర్గామి, సగానికి పైగా నీళ్లలోనే.

ఆ పడవ తీర రక్షక దళానిది. పొడవు 87 అడుగులే, సిబ్బంది పదిమంది దాకా. అది కాపాడేది 560 అడుగుల అణు జలాంతర్గామిని! నీటిపైకి వచ్చిన జలాంతర్గామి చురుగ్గా మలుపు తిరగలేదు, చిన్న పడవలకు సరిగా కనిపించదు. 2000లో యెమెన్‌లోని ఏడెన్ రేవులో చిన్న పడవతో జరిగిన దాడిలో అమెరికా యుద్ధనౌక ‘కోల్’ మీద 17 మంది నావికులు చనిపోయారు. అమెరికా నౌకాదళ ఓడలకు 100 గజాల లోపలికి అనుమతి లేకుండా ఎవరూ రాకూడదు. 500 గజాల లోపల వేగం తగ్గించాలి.

నాకు మా విశాఖ గుర్తొచ్చింది. అక్కడ చేపల రేవు, నౌకాదళ స్థావరం ఇరుగుపొరుగు. 2024 నవంబరులో గోవా తీరానికి దూరంగా జలాంతర్గామి, చేపల పడవ ఢీకొని ఇద్దరు మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. ఎంత దూరంలో ఉండాలో, ఏ సంకేతానికి అర్థమేమిటో మన గంగపుత్రులకు తెలుగులో, రేవులోనే, బొమ్మలతో వివరించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, సియాటెల్