క్రెడిట్లు వచ్చాయి, మేజర్‌లో పడలేదు: మా షాపులో ఫైలు ఇచ్చినవాళ్లకు ఒక మాట

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా షాపుకు వచ్చే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నమస్కారం.

ముందు అసలు విషయం. కాలేజీ మారే పిల్లల దగ్గర, పాసైన పేపర్లకు వచ్చిన పాయింట్లను (క్రెడిట్లను) కొత్త కాలేజీ లెక్కలోకి తెచ్చే పనికి 'క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ ఫైలు' అని రెండేళ్లుగా 1500 రూపాయలు తీసుకుంటున్నాం కదా, ఆ పద్ధతి ఈ నెలతో ఆపేస్తున్నాం. కట్టినవాళ్లలో పని పూర్తికానివాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తున్నాం. జిరాక్సు, ప్రింటు, ఆన్‌లైన్ అప్లికేషన్లు మామూలుగానే ఉంటాయి. ఎందుకు ఆపామో చెప్పకుండా గోడకు కాగితం అతికించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక అమ్మాయి విషయంలో నేను తప్పు చెప్పాను. ఆ తప్పు వల్ల ఆ పిల్ల ఇప్పుడు రెండు పేపర్లు అదనంగా రాస్తోంది.

ఆ అమ్మాయి పక్క రాష్ట్రంలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది చదివింది. వాళ్లమ్మ ఆరోగ్యం బాగాలేక కుటుంబమంతా కళ్యాణదుర్గం వైపు అవ్వగారి ఊరికి వచ్చేసింది. ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో రెండో ఏడాదికి సీటు దొరికింది. టీసీ, మైగ్రేషన్, రెండు సెమిస్టర్ల మార్కుల మెమోలు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. నేను డిజిలాకర్ తెరిచి చూశాను. క్రెడిట్లన్నీ ఒక్కటి తగ్గకుండా కనిపిస్తున్నాయి. "అన్నీ వచ్చేశాయమ్మా, టెన్షన్ పడొద్దు" అన్నాను. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, కంప్యూటర్ సైన్సే. దానికి తోడుగా చదివే మైనర్‌గా ఏం తీసుకోమంటారని అడిగింది. "నీ ఇష్టం, ఏదైనా ఒకటే" అన్నాను. స్నేహితురాలు స్టాటిస్టిక్స్ తీసుకుందని తనూ అదే తీసుకుంది.

నాలుగో సెమిస్టర్ మధ్యలో కాలేజీ నుంచి కబురొచ్చింది. తను తెచ్చుకున్న క్రెడిట్లు మొత్తం లెక్కలోకి తీసుకున్నారు, కానీ మేజర్ కింద పడాల్సిన రెండు పేపర్లు ఖాళీగా ఉన్నాయి. అవి రాస్తేనే డిగ్రీ. అక్కడ చదివిన మ్యాథమెటిక్స్ క్రెడిట్లు ఇక్కడ అదనపు సబ్జెక్టుల కింద కూర్చున్నాయి. మైనర్‌గా మ్యాథమెటిక్స్ తీసుకుని ఉంటే అవి నేరుగా మైనర్‌లో పడేవి, ఆ మేరకు ఖాళీ అయిన సమయం మేజర్ పేపర్లకు దొరికేది.

షాపు మూసి నేనే ఆ పిల్లతో పాటు డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. లెక్చరర్ గారు రెండు సిలబస్‌లూ బల్లమీద పక్కపక్కన పరిచారు. చేతిలో పెన్సిలు. డేటా స్ట్రక్చర్స్ పేపరు. మొదటి యూనిట్ దగ్గర టిక్కు పెట్టారు, రెండో యూనిట్ దగ్గర టిక్కు. స్టాక్‌లు, క్యూలు రెండింట్లోనూ ఉన్నాయి. నాలుగో యూనిట్ దగ్గర పెన్సిలు ఆగింది. ఇక్కడి సిలబస్‌లో ట్రీలు, గ్రాఫులు ఉన్నాయి, అక్కడి కాగితంలో అవి లేవు. ఇక్కడ థియరీకి 3, ల్యాబుకు 1 క్రెడిట్. అక్కడ ల్యాబే లేదు. "పేపరు పేరు ఒకటేనమ్మా, లోపలున్న సరుకు వేరు" అన్నారాయన. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ రెండు సిలబస్‌లను అలా పక్కపక్కన పెట్టాల్సింది ఏడాది ముందు, మా షాపు కౌంటర్ మీద.

బయటికొచ్చాక ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, ముందే అడిగుంటే మ్యాథ్స్ తీసుకునేదాన్ని కదా" అంది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ల అవ్వకు విషయం ఎలా చెప్పాలో తెలియక నేను తడబడుతుంటే, ఆమే అర్థం చేసుకుంది. "అప్పు కందులది. ఇంట్లో చెనక్కాయ మూటలు ఎన్నుంటే ఏం లాభం తల్లీ, అడిగేది కందులే కదా" అంది. ఇంత తేలిగ్గా నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ నేను అవ్వ మాటే చెబుతున్నాను.

మనలో చాలామందికి, నాతో సహా, ఎక్కడ పొరపాటు జరుగుతోందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని, యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021 జూలైలో నిబంధనలు తెచ్చింది. ఏబీసీ ఐడీ అంటున్నాం కదా, 12 అంకెలది, అది ఆ బ్యాంకులో మీ ఖాతా నంబరు. మీరు పాసైన ప్రతి పేపరు క్రెడిట్లనూ కాలేజీ లేదా యూనివర్సిటీ అందులో జమ చేస్తుంది. జమ చేసేది వాళ్లే, మీరు కాదు, మేమూ కాదు. "అక్కా, నా క్రెడిట్లు ఎక్కించు" అని రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఎక్కించే అధికారం ఏ నెట్ సెంటర్‌కూ ఉండదు, ఎక్కిస్తామని డబ్బడిగేవాళ్లను నమ్మొద్దు. మేం చేయగలిగింది ఐడీ తీసివ్వడం, పేరు సరిచూడడం. పేరు విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. రెండూ కలవకపోతే జమ కావాల్సినవి ఆగుతాయి. కాలేజీ మారేముందే ఆ పని చూసుకోండి.

సరే, జమ అయ్యాయి. వాటిని ఏ ఖాతాలో వేసుకోవాలో తేల్చేది మాత్రం మీరు చేరిన యూనివర్సిటీ. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ పద్ధతి చూస్తే మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మిగతావి భాషలు, స్కిల్ కోర్సులు, వేరే శాఖల సబ్జెక్టులు, ఇంటర్న్‌షిప్ లాంటివి. నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ వచ్చింది. అంతకుముందు ఎంపీసీ, హెచ్‌ఈపీ అంటూ మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్లం. అప్పట్లో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే గ్రూపు పేరు కలిస్తే దాదాపు సరిపోయేది. సింగిల్ మేజర్‌లో ఒకే సబ్జెక్టు మీద బరువంతా పడింది కాబట్టి, ఆ సబ్జెక్టులో ఏ పేపరు ఏ సెమిస్టర్‌లో ఉందో ఒక్కొక్కటి చూడక తప్పదు. నేను పాత లెక్కలోనే ఆలోచించాను. మొత్తం చూశాను, విడివిడిగా చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని 2021 నాటి ఆ క్రెడిట్ బ్యాంక్ నిబంధనల్లో ఉంది. రెండేళ్లు ఒకచోట చదివి ఆఖరి ఏడాదికి మారాలనుకునేవాళ్లు ఇది మరిచిపోవద్దు. మూడో ఏడాదిలో మారతామని వచ్చినవాళ్లకు నేను ఇప్పుడు, కుదిరితే ఉన్నచోటే పూర్తి చేయమని చెబుతున్నాను. మాకు పని పోయినా సరే.

ఇక ఎన్‌పీటీఎల్ కోర్సులు, అంటే ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పేవి. జేఎన్‌టీయూ కింది కాలేజీల పిల్లలు జనవరిలో, జూలైలో గుంపుగా వస్తారు రిజిస్ట్రేషన్‌కు. చేరడానికి డబ్బు అక్కర్లేదు, పరీక్ష రాయాలంటేనే ఫీజు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 60 వచ్చినా అసైన్‌మెంట్లు వదిలేస్తే ఏమీ రాదు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఎనిమిది వారాల కోర్సుకు 2 క్రెడిట్లు, పన్నెండు వారాల కోర్సుకు 3. మీ బ్రాంచిలో ఎలక్టివ్ (మీరు ఎంచుకునే పేపరు) 3 క్రెడిట్లదైతే ఎనిమిది వారాల సర్టిఫికెట్ ఎంత మంచి మార్కులతో వచ్చినా దాని స్థానంలో నిలబడదు. పోయిన జూలైలో ఒక అబ్బాయికి మా కౌంటర్‌లోనే ఎనిమిది వారాల కోర్సు రిజిస్టర్ చేశాం. ఎందుకోసం చేస్తున్నాడో మేం అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇకమీదట అడుగుతాం. మీ హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు హెడ్) ముందే ఒప్పుకున్న కోర్సుల జాబితా ఫోన్‌లో చూపిస్తేనే రిజిస్ట్రేషన్ మొదలుపెడతాం. విసుక్కోకండి.

బీటెక్‌లో డిటెయిన్ అయి, అంటే పై ఏడాదికి వెళ్లనివ్వక ఆపేస్తే, జూనియర్లతో మళ్లీ చేరినవాళ్ల కథ కూడా దాదాపు ఇదే. ఆర్20లో (2020 రెగ్యులేషన్) మొదలుపెట్టి ఆర్23 (2023 రెగ్యులేషన్) బ్యాచ్‌లోకి వచ్చారనుకోండి. రెంటిలోనూ డిగ్రీకి 160 క్రెడిట్లే. కానీ మీరు పాసైన ఒక పేపరు కొత్త రెగ్యులేషన్‌లో ఇంకో సెమిస్టర్‌కు జరిగి ఉండొచ్చు, కొత్తగా వచ్చిన ఒక పేపరు మీరు చదివే ఉండకపోవచ్చు. అందుకే సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు రాయమంటారు. వాటి జాబితా చేరిన మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. ఆఖరి ఏడాదిలో ప్రాజెక్టు మధ్యలో తెలిస్తే చాలా కష్టం.

అమెరికా వెళ్లే పిల్లలకు నేను చెప్పగలిగేది తక్కువే. మధ్యలో మారి అక్కడ బ్యాచిలర్స్ పూర్తి చేయాలనుకుంటే, అక్కడా మొత్తం క్రెడిట్ల లెక్క వేరు, మేజర్ అడిగే పేపర్ల లెక్క వేరు. వాళ్లు మెమో ఒక్కటి చూసి ఊరుకోరు, ప్రతి పేపరుకూ సిలబస్ అడుగుతారు. ఆ సిలబస్ మీరు చదివిన ఏడాదిదే కావాలి, ఇప్పుడు కాలేజీలో నడుస్తున్నది పనికిరాదు. కాబట్టి కాలేజీలో ఉన్నప్పుడే మీ రెగ్యులేషన్ సిలబస్ పీడీఎఫ్ ఒకటి మీ మెయిల్‌కు మీరే పంపుకుని పెట్టుకోండి. పదేళ్ల కింద పాసైన ఒకాయన పోయిన నెల పాత సిలబస్ కోసం మూడు రోజులు తిరిగాడు. చివరికి తన క్లాస్‌మేట్ ఇంట్లో అటక మీద దొరికింది, అంచులు చెదలు తిన్న పుస్తకం. స్కానర్ గ్లాసు మీద ఒక్కో పేజీ పరిచి స్కాన్ చేసేసరికి సాయంత్రమైంది.

ఇప్పుడు మా షాపులో ఏం మారుతోందో చెబుతాను. కాలేజీ మారాలనుకునేవాళ్లు మా దగ్గరికి వస్తే ముందు ఒక పట్టిక వేసిస్తాం. ఎడమవైపు మీరు చదివిన పేపర్లు, కుడివైపు చేరబోయే కాలేజీలో మేజర్, మైనర్ పేపర్లు, ప్రతిదానికీ థియరీ, ల్యాబు క్రెడిట్లు విడిగా. దానికి డబ్బు తీసుకోం, ప్రింటు ఖర్చు మాత్రం ఇవ్వండి. ఆ పట్టిక పట్టుకుని మీరే డిపార్ట్‌మెంటుకు వెళ్లి, ఏది దేని కింద తీసుకుంటారో రాయించుకుని సంతకం చేయించుకోండి. నోటిమాట వద్దు. "చూద్దాంలేమ్మా, అయిపోతుంది" అన్న మాటకు ఏడాది తర్వాత విలువ ఉండదు, అన్నాయన అప్పటికి బదిలీ అయిపోయి ఉండొచ్చు. సంతకమైన కాగితం వచ్చాకే ఫీజు కట్టండి, పాత కాలేజీలో టీసీ కూడా అప్పుడే అడగండి. టీసీ తీసుకున్నాక వెనక్కి వెళ్లడం ఎంత కష్టమో ఆ బాధ పడ్డ ఇళ్లకే తెలుసు.

ఇలా చేస్తే మీకు రెండు మూడుసార్లు ఎక్కువ తిరుగుడు అవుతుంది. ఉరవకొండ, రాయదుర్గం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు ఒక్కోసారికి ఒక రోజు కూలీ పోతుందని నాకు తెలుసు. అందుకే పట్టిక కోసం షాపుకు రానక్కర్లేదు. మెమోలు, సిలబస్ ఫోటోలు తీసి వాట్సాప్ చేయండి. రెండు రోజుల్లో వేసి పంపుతాం. సిలబస్ ఫోటోలు తీసేటప్పుడు యూనిట్ల పేజీలు ముఖ్యం, ముందున్న ముఖచిత్రం, ముందుమాట అక్కర్లేదు.

1500 ఫైలు డబ్బు పోవడం మా షాపుకు లోటే. అడ్మిషన్ల కాలంలో అద్దె ఆ డబ్బుతోనే కట్టేవాళ్లం. ఇప్పుడు స్పైరల్ బైండింగ్ మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాం, ప్రాజెక్టు రిపోర్టులు ఇకమీద ఇక్కడే చేస్తాం. ప్రింటు ధర పెంచలేదు, పేజీకి రెండు రూపాయలే.

ఆ అమ్మాయి రెండు పేపర్లకూ ఫీజు నేను కట్టాను. వాళ్లు వద్దన్నారు, నేను వినలేదు. ట్రీలు, గ్రాఫుల యూనిట్ కోసం మా షాపులో పనిచేసే ఎంసీఏ అబ్బాయి రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు చెబుతున్నాడు. ఆ గంట కౌంటర్‌లో నేనొక్కదాన్నే ఉంటాను, కొంచెం ఆలస్యమైతే ఓపిక పట్టండి.

డబ్బు వెనక్కి తీసుకోవాల్సినవాళ్లు ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పది నుంచి రండి. రసీదు పోగొట్టుకున్నా పర్లేదు. ఫైలు ఇచ్చినప్పుడు రాసుకున్న మీ పేరు, తేదీ నా నల్ల అట్ట పుస్తకంలో ఉన్నాయి.